మార్టూరులో ఒక పేజీ ఖరీదు

మార్టూరు ఉన్నచోటే ఉంది. జిల్లాలే మారాయి. 1970 దాకా గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరిలో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా వచ్చింది. ఈలోగా ఊరి పక్కనుంచి పోయే జాతీయ రహదారికి 5 పోయి 16వ నంబరు వచ్చింది, 2014లో రాష్ట్రమే రెండయింది, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి పాత టిన్ నంబర్లను తుడిచిపెట్టింది. ఇవన్నీ చరిత్ర పుస్తకాలవాళ్లకు సంబంధించిన సంగతులని అనుకుంటాం. ఆఫీసు స్టేషనరీ బీరువా తెరిచి చూస్తే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. చిరునామాలో పాత జిల్లా పేరుతో వెయ్యేసి చొప్పున అచ్చువేయించిన లెటర్‌హెడ్లు, పాత పన్ను నంబరున్న బిల్లు పుస్తకాలు, ఎవరూ పారేయలేని కవర్లు. చాలా ఆఫీసుల్లో చిత్తులెక్కలు ఈ కాగితాల వెనకవైపే నడుస్తుంటాయి.

అచ్చు ఖర్చు గురించి మొదట తెలియాల్సిన సంగతి ఆ బీరువాలోనే ఉంది. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఖర్చంతా మొదటి కాగితానిదే: డిజైను, ప్లేటు, మిషను సర్దుబాటు. రెండో కాగితం నుంచి ఖర్చు కాగితానిదీ సిరాదీ మాత్రమే. అందుకే ప్రెస్సాయన “ఐదొందలకీ వెయ్యికీ పెద్ద తేడా ఉండదండీ, వెయ్యి వేయించుకోండి” అంటాడు. ఆయన చెప్పింది నిజమే, వెయ్యీ వాడుకునేట్టయితే. ఆఫీసు ప్రింటరు లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దానికి మొదటి పేజీ, వెయ్యో పేజీ ఒకటే. తక్కువ వేశారని శిక్షా లేదు, ఎక్కువ వేశారని రాయితీ లేదు. జిల్లా పేరు యాభై రెండేళ్లలో మూడుసార్లు మారిన ఊళ్లో లెటర్‌హెడ్ తలకట్టును కంప్యూటర్లోనే పెట్టుకుని, ఉత్తరంతోపాటే వేసుకోవడం మేలు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ప్రెస్సుకే పోవాలి. రెండింటికీ మధ్య గీత ఎక్కడన్నది ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి. ఒక్కటి మాత్రం చెప్పగలను: మిగిలిపోయిన కాగితాలను ఎవరూ ఖర్చులో రాయరు. అందుకే వెయ్యి ఎప్పుడూ చవగ్గా కనిపిస్తుంది.

ఇక ప్రింటరు లోపలికి వెళదాం.

నల్ల పొడి, చీకటి, కరెంటు

బల్లికురవ కొండల నుంచి వచ్చే రాళ్లను కోసి, పాలిష్ పట్టే గ్రానైట్ ఫ్యాక్టరీలు మార్టూరు హైవే పొడవునా కనిపిస్తాయి. చుట్టుపక్కల నూలు మిల్లులున్నాయి, ఎరువుల కొట్లున్నాయి, మిర్చి, పత్తి కొనుగోళ్లున్నాయి. వీటన్నింటి ఆఫీసు గదుల్లో బల్ల మీద కూర్చునే యంత్రం చాలాకాలంగా దాదాపు ఒకటే: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కానీ, కానన్ ఎల్‌బీపీ 2900 కానీ, వాటి తర్వాతి తరం తమ్ముళ్లు కానీ. పేరు పలకలు వేరైనా ఈ రెండింటి గుండె కానన్ తయారుచేసినదే. హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్, కానన్ 303 కార్ట్రిడ్జ్ ఒక తల్లి పిల్లలని రీఫిల్ కుర్రాళ్లందరికీ తెలుసు.

దాని పని చూస్తే సిరా ఎక్కడా కనిపించదు. కార్ట్రిడ్జ్‌లో పచ్చగానో నీలంగానో మెరిసే గొట్టం ఉంటుంది, అదే డ్రమ్. దాని మీద పూత ఒక విచిత్ర పదార్థం: చీకట్లో కరెంటును కదలనివ్వదు, వెలుతురు పడినచోట వదిలేస్తుంది. ఛార్జ్ రోలర్ దాని ఒంటినిండా కొన్ని వందల వోల్టుల రుణావేశం పూస్తుంది. లేజర్ కిరణం అక్షరాలు ఉండాల్సిన చోట్ల మాత్రమే తాకి ఆ ఆవేశాన్ని తీసేస్తుంది. పక్కనున్న మాగ్నెటిక్ రోలర్ మీద రుణావేశంతో ఉన్న నల్ల పొడి, తనలాగే ఆవేశం ఉన్న జాగాల నుంచి దూరం జరిగి, ఖాళీ అయిన జాగాల్లో దూరి కూర్చుంటుంది. అంటే ఈ క్షణంలో డ్రమ్ మీద మీ బిల్లు అంతా పొడితో రాసి ఉంది. కింద కాగితం వస్తుంది, దాని వెనక రోలర్ ధనావేశంతో ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. చివర్లో ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల వేడితో నొక్కుతుంది. పొడిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ లాంటి రెసిన్, కనుక అది కరిగి కాగితం పీచుల్లోకి దిగి గడ్డకడుతుంది. నలుపు రంగుకు కార్బన్, మాగ్నెటిక్ రోలర్‌కు అంటుకునేందుకు ఇనుప ఆక్సైడు. ఈ రకం టోనర్ దగ్గరికి అయస్కాంతం తెస్తే పొడి కదులుతుంది.

దీని మూలం న్యూయార్క్‌లో ఆస్టోరియా అనే పేటలో, 1938 అక్టోబరు 22న జరిగిన ఒక చిన్న ప్రయోగం. పేటెంట్ కాగితాలకు చేత్తో నకళ్లు రాసి విసిగిన చెస్టర్ కార్ల్‌సన్, తన సహాయకుడు ఓటో కోర్నైతో కలిసి, గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది, దాని మీద వెలుతురు వేసి, ఒక మొక్క బీజరేణువుల పొడి చల్లి, మైనపు కాగితం మీదికి ఎత్తాడు. ఆ తేదీ, ఆ పేట పేరే మొదటి నకలు. దాన్ని ఆఫీసుల్లో తేలిగ్గా వాడే యంత్రంగా మార్చడానికి 21 ఏళ్లు పట్టింది. 1959లో జిరాక్స్ 914 వచ్చింది. దాని ఫ్యూజర్ వేడికి కాగితం మంటపట్టుకునే ప్రమాదం ఉండేది. కంపెనీ ఒక చిన్న మంటలార్పే సిలిండర్ను కూడా ఇచ్చేది, కాకపోతే కాస్త మర్యాదైన పేరు పెట్టి. అమ్మకం పద్ధతి అంతకంటే ముఖ్యం. యంత్రాన్ని ఎక్కువగా అమ్మలేదు, నెలకు 95 డాలర్ల అద్దెకిచ్చారు. మొదటి 2,000 కాపీలు అద్దెలోనే, ఆపైన కాపీకి ఇంతని. పేజీని లెక్కపెట్టి డబ్బు తీసుకోవడం అక్కడే మొదలయింది. తర్వాత అదే జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ ఆ డ్రమ్ మీదికి లేజర్‌ను తెచ్చాడు. 1984లో హెచ్‌పీ, కానన్ యంత్రాన్ని లోపల పెట్టి, మొదటి లేజర్‌జెట్‌ను 3,495 డాలర్లకు బల్ల మీదికి చేర్చింది.

ఈ కథలో మన ప్రాంతానికి అన్నిటికంటే అక్కరకొచ్చింది మరొకటి. 1982లో కానన్ తన చిన్న కాపీయర్ కోసం డ్రమ్, పొడి, బ్లేడు, వ్యర్థపు పొడి గది అన్నీ ఒకే పెట్టెలో సర్దింది. సర్వీసు మనిషి అక్కర్లేదు, పెట్టె పారేసి కొత్తది పెట్టుకో అని వాళ్ల ఆలోచన. మనవాళ్లు మొదటి సగం ఒప్పుకున్నారు. పారేయడం మాత్రం ఒప్పుకోలేదు. రెండు పిన్నులు తీసి, మూత విప్పి, పొడి నింపి, మళ్లీ బిగించారు.

రీఫిల్ మార్చిన లెక్క

ప్రింటర్ ఖర్చు గురించి పాశ్చాత్య దేశాల్లో రాసిన పుస్తకాలు, వ్యాసాలు దాదాపు అన్నీ ఒకచోటే తిరుగుతాయి: యంత్రం చవగ్గా ఇస్తారు, సిరాలో పిండుకుంటారు. అక్కడ అది నిజం. ఆ సలహాలనే తెలుగులోకి దించి మార్టూరులో చెబితే సగం వృథా. ఎందుకో లెక్క వేద్దాం. ధరలు ఊరూరికీ, నెలనెలకీ మారతాయి, కనుక ఇవి లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. మీ ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

12ఏ కార్ట్రిడ్జ్ సుమారు 2,000 పేజీలు ఇస్తుందని కంపెనీ మాట. ఒరిజినల్ ధర 5,000 రూపాయలు అనుకుంటే పేజీకి రెండున్నర. అదే పెట్టెలో 300 రూపాయలకు పొడి నింపిస్తే పేజీకి 15 పైసలు. ఇంక్‌ట్యాంక్ ప్రింటరయితే ఇంకా తక్కువ: ఎప్సన్ 003 నల్ల సీసా 4,500 పేజీలు ఇస్తుందంటారు, సీసా 400 అనుకున్నా పేజీకి తొమ్మిది పైసల లోపే. ఇప్పుడు కాగితం. 500 కాగితాల రీము 300 రూపాయలైతే కాగితానికి 60 పైసలు.

చూశారా, తారుమారయింది. ఒరిజినల్ కార్ట్రిడ్జ్ వాడేవాడికి పొడి ఖరీదు కాగితం కంటే నాలుగు రెట్లు. రీఫిల్ చేయించేవాడికి కాగితమే పొడి కంటే నాలుగు రెట్లు. నెలకు 3,000 పేజీలు వేసే ఫ్యాక్టరీ ఆఫీసును తీసుకోండి. పొడికి 450 రూపాయలు, కాగితానికి 1,800. “టోనర్ సేవ్” నొక్కి, మూడో వంతు పొడి మిగిల్చి, బిల్లులన్నీ బూడిద రంగులో వేసినా మిగిలేది 150. రెండు వైపులా వేస్తే కాగితంలో సగం, 900 మిగులుతుంది. అయినా చాలా ఆఫీసుల్లో అక్షరాలు కనబడక కళ్లు చికిలించే బిల్లులు ఒకవైపే వేసి ఉంటాయి. పొదుపు చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది, పొదుపు ఉండదు.

రెండు వైపులా దానంతటదే వేసే సదుపాయం పాత చిన్న ప్రింటర్లలో లేదు. చేత్తో తిప్పి పెట్టాలి. పనిలో హడావుడి ఉన్నవాళ్లు తిప్పరు. అందుకే తర్వాతి యంత్రం కొనేటప్పుడు వేగం, రంగు కంటే ముందు అడగాల్సింది ఆటో డూప్లెక్స్ ఉందా అని. కొన్న రోజే కంప్యూటర్లో దాన్ని డీఫాల్ట్‌గా పెట్టేయాలి. ఒకవైపు కావాలనుకున్నవాళ్లు మార్చుకుంటారు. మనిషి బద్ధకాన్ని పొదుపు వైపు తిప్పే పని ఈ ఒక్క మీటతో అవుతుంది.

పైన వేసిన లెక్కలో ఒక చిక్కు దాచాను. 2,000 పేజీలంటే ఎలాంటి పేజీలు? నల్ల టోనర్ ఎన్ని పేజీలిస్తుందో కొలవడానికి ఐఎస్‌ఓ 19752 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని పరీక్ష పేజీలో నల్లటి భాగం రమారమి 5 శాతం. ఏ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. అందులో ఐదు శాతమంటే 31. ఐదున్నర సెంటీమీటర్ల నల్లటి చదరం అన్నమాట. మీ బిల్లు తలకట్టులో అంత దట్టమైన లోగో ఒకటి ఉంటే చాలు, అక్షరాలు మొదలుకాకముందే ఒక పేజీ పొడి అయిపోయింది. “కార్ట్రిడ్జ్ వెయ్యి పేజీలకే ఖాళీ అయింది, పొడి కల్తీ” అని రీఫిల్ కుర్రాడిని తిట్టే ముందు లోగోను స్కేలుతో కొలవడం న్యాయం. నల్లటి పట్టీ మీద తెల్లక్షరాలు వేసే మోజు కూడా ఇలాంటిదే.

తెలుగుకు మరో తిప్పలుంది. గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కనుక ఇంగ్లిషు కంటే వరుసల మధ్య ఎక్కువ జాగా కావాలి. అదే విషయం తెలుగులో ఎక్కువ పేజీలు పడుతుంది. ఫాంటు ఎంపికతో ఇది చాలావరకు సర్దుకుంటుంది. శీర్షికల కోసం చేసిన రామభద్ర లాంటి దళసరి ఫాంటుతో మొత్తం ఉత్తరం వేస్తే పొడీ పోతుంది, జాగా పోతుంది. మండలి లాంటి సన్నటి ఫాంటు ఆ పనికి సరిపోతుంది.

రీఫిల్ పొగడ్తలకు ఒక హద్దు పెట్టాలి. కార్ట్రిడ్జ్ పెట్టెలో నింపే పొడి ఒక్కటే అరిగేది కాదు. డ్రమ్ పూత గీసుకుపోతుంది, వైపర్ బ్లేడు మొద్దుబారుతుంది, కాగితం మీదికి ఎక్కకుండా మిగిలిన పొడి వ్యర్థపు గదిలో నిండుతుంది. కొత్త పొడి పోసి, ఆ గది ఖాళీ చేయకపోతే పేజీ అంతా మచ్చలే. ఏ యంత్రానికైనా ఒకటే పొడి అని పోసేవాళ్లూ ఉన్నారు. ఒక్కో ఫ్యూజర్ ఒక్కో వేడికి సరిపడే రెసిన్‌ను కోరుతుంది. కరగని పొడి వేలితో రుద్దితే ఊడొస్తుంది. రుద్దితే ఊడొచ్చే లారీ బిల్లు గమ్యం చేరేసరికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పొడి రేణువు మిల్లీమీటరులో వందో వంతుకు లోపు. గది తలుపులు మూసుకుని బ్లోయరుతో ఊదడం ఆ కుర్రాడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బయట, ముక్కుకు మాస్కుతో చేయాలి. బట్టల మీద పడితే చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే రెసిన్ మెత్తబడి మరకై అక్కడే అతుక్కుంటుంది.

తయారీదారులు రీఫిల్‌కు మిత్రులు కారు. కార్ట్రిడ్జ్‌ల్లో చిప్పులు పెట్టి, ఖాళీ అయిందని యంత్రం చేతే చెప్పించారు. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ, వాడేసిన కార్ట్రిడ్జ్‌లు నింపి అమ్మేవాళ్ల మీద పేటెంటు హక్కుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017 మే 30న కోర్టు, అమ్మేశాక పేటెంటు పట్టు పోయినట్టే అని తీర్పిచ్చింది. మరోవైపు ఎప్సన్ వేరే దారి పట్టింది. ఇండోనేషియాలో జనం ప్రింటరు పక్కన సీసాలు తగిలించి, గొట్టాలతో సిరా లోపలికి పంపుతున్నారు. 2010లో కంపెనీయే ఆ సీసాలను యంత్రంలో అమర్చి అక్కడే అమ్మకం మొదలుపెట్టింది. ఇవాళ మన మండల కేంద్రాల్లో కనిపించే ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ల మూలం అదే. యంత్రం ధర ఎక్కువ, సిరా చవక. కంపెనీ తన లాభాన్ని ముందే తీసేసుకుంటుంది. కొనేవాడికి లెక్క కనబడుతుంది కనుక నాకిదే నిజాయితీగా తోస్తుంది. రెండు ఇబ్బందులు చెప్పాలి: వారాల తరబడి వాడకపోతే నాజిల్స్ ఎండిపోతాయి, రంగు సిరా చాలావాటిలో తడి తగిలితే పాకుతుంది. చెమట చేతులు, వాన, లారీ క్యాబిన్ తప్పని కాగితాలకు లేజరే నయం.

రాతి పొడి, దూది నుసి, వాన గాలి

ప్రింటరు మాన్యువల్ను చల్లటి, శుభ్రమైన గదిని ఊహించుకుని రాస్తారు. మార్టూరులో గ్రానైట్ కట్టర్ల పక్కన ఆఫీసు ఉంటుంది. నూలు మిల్లులో దూది నుసి గాలిలో తేలుతుంటుంది. మిర్చి దించే రోజున ఇంక చెప్పనక్కర్లేదు.

ధూళి ప్రింటరును ఎక్కడ పట్టుకుంటుందో తెలిస్తే రిపేరు ఖర్చు సగం తగ్గుతుంది. మొదటిది పికప్ రోలర్. కాగితాన్ని ట్రేలోంచి లాగేది ఆ రబ్బరు పట్టే. సన్నటి రాతి పొడి దాని మీద పేరుకుంటే నున్నబడి జారుతుంది. ప్రింటరు గుర్రుమంటుంది, కాగితం రాదు, లేదా మూడు కలిసి వచ్చి ఇరుక్కుంటాయి. “రోలర్ పోయింది, మార్చాలి” అనే ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. చాలాసార్లు అదే చాలు. రెండోది లేజర్ వెలుతురు వచ్చే కిటికీ. దాని మీద దూది పోగు పడితే ఆ గీత వెంట డ్రమ్‌కు వెలుతురు తగలదు. వెలుతురు తగలని చోట పొడి అంటదు. పేజీ పొడవునా తెల్లటి గీత వస్తుంది. నల్లటి నిలువు గీత వస్తే కథ వేరు: డ్రమ్ మీద గీతో, బ్లేడు అరుగుడో. అంటే తెలుపయితే యంత్రం, నలుపయితే కార్ట్రిడ్జ్ అని మొదటి అనుమానం.

పేజీలో ఒకే మచ్చ కొంత దూరానికోసారి మళ్లీ మళ్లీ వస్తే స్కేలు తీసుకోండి. తిరిగే భాగాల మీద ఎక్కడైనా దెబ్బ ఉంటే, ఆ భాగం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ అది కాగితం మీద పడుతుంది. రెండు మచ్చల మధ్య దూరమే దాని చుట్టుకొలత. 3.14తో భాగిస్తే వ్యాసం. 24 మిల్లీమీటర్ల డ్రమ్ అయితే 75 మిల్లీమీటర్లకోసారి మచ్చ. అంతకంటే తక్కువ దూరమయితే ఏదో సన్న రోలర్. హైస్కూల్లో నేర్చుకున్న పై విలువ డబ్బు మిగిల్చే సందర్భం ఇదొక్కటేనేమో. కార్ట్రిడ్జ్ మొత్తం మార్చమన్నచోట ఒక్క రోలర్ మార్చి సరిపెట్టుకోవచ్చు.

గాలిలో తేమ మరో సంగతి. కాగితం తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. దాని బరువులో 5 శాతం అటూఇటూ తేమ ఉంటే ప్రింటరుకు సుఖం. అక్టోబరు, నవంబరుల్లో తుపాను ముసురు పట్టినప్పుడు విప్పి పెట్టిన రీము తేమ తాగి మెత్తబడుతుంది. ఫ్యూజర్లో ఒకవైపు ఒక్కసారిగా ఆరి, చుట్ట చుట్టుకుంటుంది. పైగా తడి కాగితంలో ఆవేశం నిలవక పొడి సరిగా ఎక్కదు, అక్షరాలు పాలిపోతాయి. మే నెల వడగాడ్పుల్లో దీనికి వ్యతిరేకం: కాగితాలు పొడిబారి, స్థిరవిద్యుత్తుతో ఒకదానికొకటి అతుక్కుని జంటగా వస్తాయి. రీము చుట్టిన కవరుకు లోపల తేమ దూరని పూత ఊరికే వేయరు. కావలసినన్ని తీసి మిగతావి అందులోనే మడిచి ఉంచాలి. చాలా కవర్ల మీద ముందు ఏ వైపు అచ్చు వేయాలో చెప్పే బాణం గుర్తు కూడా ఉంటుంది.

కరెంటు సంగతి ఒక్క మాటలో: లేజర్ ప్రింటరును కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించకండి. ఫ్యూజర్ వేడెక్కే క్షణాన ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ చేతులెత్తేస్తుంది.

మిల్లు కాటా దగ్గర ఇప్పటికీ చప్పుడు చేస్తూ నడిచే డాట్ మ్యాట్రిక్స్‌ను చూసి కొత్తగా చేరిన కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనక్కర్లేదు. సూదులు రిబ్బన్ మీద కొడతాయి కనుక కార్బన్ పెట్టి మూడు ప్రతులు ఒకేసారి వస్తాయి. దుమ్మును అది పట్టించుకోదు. లేజర్, ఇంక్‌జెట్ రెండూ కాగితాన్ని కొట్టవు కనుక ఈ పని వాటివల్ల కాదు. కాటా చీటీకి అంతకంటే మంచి యంత్రాన్ని నేనెరగను.

అడగని కాపీలు

కాగితమే పెద్ద ఖర్చని తేలాక, అసలు కాగితం ఎందుకు వేస్తున్నామో చూడాలి. ఇక్కడే నాకు బాగా ఆసక్తి.

గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి లారీ బయలుదేరే ముందు బిల్లు మూడు ప్రతులు వేస్తారు. జీఎస్టీ నియమాల్లో 48వది సరుకు బిల్లుకు మూడు ప్రతులు ఉండాలంది: కొనేవారికి ఒకటి, రవాణాదారుకు ఒకటి, అమ్మేవారికి ఒకటి. అందుకు తోడు ఈ-వే బిల్లు ప్రింటు, దాని జిరాక్సు, ఆఫీసు ఫైలుకొకటి, ఆడిటరు గారి ఫైలుకొకటి. 2023 ఆగస్టు 1 నుంచి ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపారాలకు అమ్మే సరుకుపై ఈ-ఇన్వాయిస్ తీయాలి. అదే 48వ నియమం కింది భాగంలో, ఈ-ఇన్వాయిస్ తీసినవారికి మూడు ప్రతుల నిబంధన వర్తించదని రాసి ఉంది. 138ఏ నియమం, తనిఖీలో కాగితం బిల్లుకు బదులు క్యూఆర్ కోడును ఫోనులో చూపించవచ్చంది. ఈ-వే బిల్లుకు నంబరున్నా చాలంది. గనుల శాఖ రవాణా అనుమతి వేరే సంగతి, దాని నియమాలు దానివి. జీఎస్టీ వైపు మాత్రం ప్రభుత్వం అడగడం మానేసిన కాగితాలను ఎన్నో ఆఫీసులు ఇంకా వేస్తూనే ఉన్నాయి. డ్రైవరు అడుగుతాడని, గుమాస్తాకు అలవాటని, ఎందుకైనా మంచిదని.

“ఎందుకైనా మంచిది” అన్న మాటకు ఒక ప్రతి చాలు. డ్రైవరు చేతిలో ఒక కాగితం ఉండడం ఇబ్బందుల్లో నిజంగానే అక్కరకొస్తుంది. ఫోను చార్జింగు అయిపోతుంది. మిగిలిన ప్రతులు పీడీఎఫ్‌గా ఉంటే చాలు. నెలకు వంద లారీలు పోయే చోట లారీకి నాలుగు కాగితాలు తగ్గితే 400 కాగితాలు. దాదాపు ఒక రీము.

హైవే మీద ఈ మార్పు అప్పుడే జరిగిపోయింది. మార్టూరు మండలంలోనే ఉన్న బొల్లాపల్లి టోల్ గేటు దగ్గర ఒకప్పుడు ప్రతి బండికీ రసీదు చేతికిచ్చేవారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ చీటీలు చాలావరకు పోయాయి. ఎవరూ వాటి కోసం బెంగపడలేదు. అవి థర్మల్ కాగితం చీటీలు. సిరా ఉండదు, వేడికి రంగు మారే రసాయనం పూత ఉంటుంది. అందుకే ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెడితే నల్లబడతాయి, జేబులో పెడితే కొన్నాళ్లకు వెలిసిపోతాయి. డీజిలు బిల్లులు ఇప్పటికీ చాలాచోట్ల అలాంటివే. జీఎస్టీ లెక్కల కాగితాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలంటుంది చట్టం. థర్మల్ చీటీ అంతకాలం బతకదు. వచ్చిన రోజే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. జిరాక్సు తీస్తే మళ్లీ ఒక కాగితం.

ఆ కాగితం ఎక్కడినుంచి వస్తుందన్నది మన ప్రాంతంలో దూరపు ప్రశ్న కాదు. ప్రకాశం, గుంటూరు మెట్టల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు వేసిన రైతులెందరో. ఆ కర్ర లారీల్లో రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపరు మిల్లుకు, భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ మిల్లుకు పోతుంది. కర్రలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను రసాయనాలతో కరిగించి తీసేస్తే, ఎండు కర్ర బరువులో సగానికి కాస్త తక్కువే గుజ్జుగా మిగులుతుంది. పచ్చి కర్రలో సగం దాకా నీరు. 75 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒకటి 4.68 గ్రాములు, రీము 2.34 కిలోలు. అందులో సుద్ద లాంటి పూరకాలను తీసేసినా, ఒక రీము వెనక ఆరేడు కిలోల పచ్చి కర్ర ఉన్నట్టు.

ఇదంతా చదివి ఆఫీసులో ఏదో ఒకటి చేయాలనుకునేవాళ్లు ముందు చేయాల్సింది లెక్కపెట్టడం. చాలా ప్రింటర్లు పుట్టినప్పటి నుంచి వేసిన పేజీల సంఖ్యను తమలో దాచుకుంటాయి. సెట్టింగుల్లోంచి ఒక రిపోర్టు పేజీ వేస్తే చెబుతాయి. ప్రతి నెల ఒకటో తారీఖున ఆ అంకెను గోడ మీది క్యాలెండర్లో రాయండి. ఎవరినీ నిందించనక్కర్లేదు, పాస్‌వర్డులు పెట్టనక్కర్లేదు. పెద్ద కంపెనీలు కార్డు గీకితేగాని పేజీ రాని ఏర్పాట్లు చేస్తాయి. నలుగురు పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసుకు అది అతి. అంకె కళ్లముందు కనబడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పేజీ తగ్గిందా, వేరేచోటికి పోయిందా అన్నది చూసుకోవాలి. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి, ప్రింటర్లూ వచ్చాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ ఫోనుకే వస్తుంది. ఆఫీసు ప్రింటరు కౌంటరు తిరగలేదు, లెక్కలో ఆదా. రైతు దాన్ని తీసుకెళ్లిన చోట “ప్రింటు తెండి, రెండు సెట్లు జిరాక్సు” అన్నారనుకోండి. అప్పుడు 60 పైసల కాగితం మీద, కొట్టువాడి కరెంటు, అద్దె, కూలీ, లాభం అన్నీ కలిసి, రైతు రేటు కట్టి కొంటాడు. పేజీ మాయం కాలేదు, ఖరీదు పెరిగింది. డిజీలాకర్లో ఉన్న పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2017 ఫిబ్రవరిలోనే కేంద్రం నియమాల్లో చేర్చింది. బ్యాంకు అయినా, సొసైటీ అయినా, ఎరువుల డీలరయినా, తమ దరఖాస్తు ఫారం అడుగున “జతపరచవలసినవి” కింద ఉన్న వరుసలు ఒకసారి చదివి, తమ కంప్యూటర్లో చూసుకోగలిగినవాటిని కొట్టేయవచ్చు. ఆ ఫారం ప్రెస్సులో వెయ్యి అచ్చువేయించి ఉంటే మాత్రం, అయిపోయేదాకా పెన్నుతో కొట్టేయాలి.